కోడె సాక్షిగా వీలునామా

మా పెద్దమామ వీలునామా సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. పెద్దమామ అంటే మా మామగారి అన్న. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. అటు ఆయన పెద్ద పెంకుటిల్లు, ఇటు మా చిన్న ఇల్లు. ఎడ్ల బేరానికి వచ్చినవాళ్లయినా, పిల్లను చూడడానికి వచ్చినవాళ్లయినా చాయ్ తాగి లేవబోతుంటే ఆయన సందుగ తెప్పించేవాడు. నిర్మల్‌లో చేయించిన కొయ్య పెట్టె అది, మూత మీద బంగారు రంగు నెమళ్లు. లోపల తెల్ల గుడ్డలో చుట్టిన స్టాంపు కాగితం, దాని నెత్తిన నిజాం సర్కారు ముద్ర. "చూడుండ్రి, పక్కా వసీయత్" అనేవాడు. కాగితమంతా ఉర్దూ. ఆయనకు ఉర్దూ మాట్లాడ వచ్చు గానీ చదవ రాదు. ఒకసారి దాన్ని తలకిందులుగా పట్టుకుని పట్వారీకి చూపిస్తుంటే నేను తలుపు చాటునుంచి చూశాను. పట్వారీ మర్యాదకు తల ఊపి చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ కాగితం పుట్టుక ఇది. వయసులో ఉన్నప్పుడు పెద్దమామ ఆదిలాబాద్ అడవుల్లో తునికాకు గుత్త పట్టాడు. పులి భయం ఒకటి, చలిజ్వరం భయం ఒకటి. కరీంనగర్‌లో ఒక వకీలు ఆ రెండు భయాలనూ ఇంకాస్త ఎగదోసి వీలునామా రాయించాడు. అప్పటికి ఆయనకు పిల్లలు లేరు, తర్వాతా పుట్టలేదు. గుత్త మీద సంపాదించి కట్టిన ఇల్లు, మోటబావి, బావి కింది పొలం అన్నీ భార్యకు, ఆమె తర్వాత తమ్ముని మగసంతానానికి. భార్య అని ఊరికే రాయలేదు, పుట్టింటి పేరుతో సహా ఆమె పేరు రాయించాడు. వకీళ్లకు పేర్లంటే ప్రాణం.

పులి పెద్దమామను ఏమీ చేయలేదు. జ్వరం మాత్రం ఇంట్లో ఉన్న ఆమెను పట్టుకుపోయింది. ఏడాది తిరక్కముందే లక్సెట్టిపేట వైపు నుంచి భర్త పోయిన ఒకామెను మారుమనువు చేసుకుని తెచ్చుకున్నాడు. మారుమనువుకు మా వైపు పందిరీ బాజాలూ ఉండవు. కొత్త చీర పెట్టి, గాజులు తొడిగి, నలుగురు పెద్దమనుషులు కల్లు తాగి లేస్తే పెళ్లయినట్టే. ఆమెతో పాటు ఆ ఇంటికి వచ్చింది వాళ్ల అవ్వ ఇచ్చిన ఒక ఇసురురాయి. నేను ఆమెను పెద్దత్త అని పిలిచేదాన్ని.

నేను కాపురానికి వచ్చింది యూనియన్ ఫౌజులు వచ్చిన మరుసటి ఏడు. వచ్చిన కొత్తలో పెద్దమామ జాగ్రత్త చూసి ముక్కు మీద వేలేసుకున్నాను. మోటకు కట్టే తోలు బొక్కెనకు ఎండాకాలం రాగానే ఆముదం పట్టించేవాడు. బండి ఇరుసు అరగకముందే మార్చేవాడు. నిజాం సర్కారు ఉన్నన్నాళ్లు కచ్చీరుకు ఎర్ర రూమీ టోపీ పెట్టుకుపోయిన మనిషి, ఫౌజులు ఊరి పొలిమేర దాటకముందే తెల్ల టోపీతో చావడి ముందు నిలబడ్డాడట. నిజాం నాటి హాలీ సిక్కా చెల్లదంటే అందరికంటే ముందు మార్చుకొచ్చాడు. సర్కారు మారితే మారాడు, జెండా మారితే మారాడు, రాష్ట్రం పేరు మారితే దానికీ అలవాటు పడ్డాడు. ఒక్క ఆ కాగితంలో మాత్రం చచ్చిపోయిన భార్య ఇంటి యజమానిగా సుఖంగా కాపురం చేస్తూనే ఉంది.

ఎందుకు మార్చలేదంటే కారణాలకు కొదవ లేదు. ఉర్దూలో రాసినదాన్ని తెలుగులోకి మారిస్తే బలం తగ్గుతుందట. కొత్త సర్కారు ఎన్నాళ్లుంటుందో తెలియదట, పాతది మళ్లీ వస్తే ఈ కాగితమే అక్కరకొస్తుందట. అన్నిటికంటే పెద్ద కారణం, వీలునామాను మళ్లీ ముట్టుకుంటే ఆయుష్షు తగ్గుతుందని. వచ్చిన ప్రతివాడికీ సందుగ తీసి చూపించేటప్పుడు తగ్గని ఆయుష్షు వకీలు ముందు ఎట్లా తగ్గుతుందో ఆయన్ను అడిగినవాళ్లు లేరు.

అట్లాగని ఆయన తన మనసు మార్చుకోలేదనుకోకండి. ఏటేటా మార్చుకున్నాడు. జిల్లా మొత్తం మీద అంత తాజా వీలునామా ఇంకొకరికి లేదు. కాకపోతే దాన్ని మార్చేది వేములవాడలో.

శివరాత్రికి మేమంతా వేములవాడ పోయేవాళ్లం. రాజన్నకు కోడె కట్టడం మా ఇళ్లలో తప్పని మొక్కు. కోడెదూడ పలుపు పట్టుకుని గుడి చుట్టూ తిరిగి, దేవుని ముందు కట్టేసి దండం పెడతారు. అందరూ పిల్లలు కావాలనో, పంట పండాలనో మొక్కుకుంటారు. మా పెద్దమామ ఆస్తి పంచేవాడు. కోడె పలుపు చేతిలో ఉండగా అన్న మాట రాజన్న చెవిలో పడుతుంది, ఇక దానికి తిరుగు లేదు అని ఆయన నమ్మకం. ఆయనదే కాదు, మా వైపు చాలామందిది అదే నమ్మకం. కోడె మీద అన్న మాట తప్పితే వంశం నిలవదంటారు. మాట తప్పినవాళ్ల వంశాలు ఎన్ని ఏపుగా పెరిగాయో ఊళ్లో అందరి కళ్లముందూ ఉంది, అయినా అంటారు.

ఒక ఏడు ఇల్లు పెద్దత్తకు. మరుసటి ఏడు ఆమె రొట్టె మాడ్చిందని ఇల్లు మా ఆయనకు. తాను చెప్పిన గుర్తుకు మా ఆయన ఓటు వేయలేదని తెలిసి ఆ పై ఏడు మళ్లీ పెద్దత్తకు. ఒకసారి అందరి మీదా కోపం వచ్చి ఇల్లు, పొలం, బావి మొత్తం రాజన్నకే ఇచ్చేశాడు. ఇంటికి వచ్చాక నిద్రపట్టక, పంటల కాలమని కూడా చూడకుండా ఇంకో కోడెను తోలుకుపోయి దేవుని దగ్గర వాపసు తీసుకున్నాడు. రాజన్న పాపం నోరెత్తలేదు.

చివరి ఏడు మాత్రం ఆటగా లేదు. అప్పటికే ఆయనకు ఆయాసం. కోడె తనను గుంజుకుపోతుంటే పలుపు ఒక కొస నేను పట్టుకున్నాను. మా మామగారు, మా ఆయన, ఊరి పెద్దమనుషులు ఇద్దరు వెంట ఉన్నారు. కోడెను కట్టేసి, దాని వీపు మీద చేయి వేసి, పెద్దమామ నెమ్మదిగా అన్నాడు.

"ఇల్లు, బాయి, బాయికింది పొలం నా పెండ్లానికి. గీమె బతికినన్నొద్దులు ఎవ్వడు అడుగవద్దు. నేను పోయినంక గీమె నా ఇంట్లనే ఉండాలె."

పెద్దత్త పక్కనే నిలబడి ఉంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా మామగారు అందరికంటే ముందు "గట్లనే అన్నా" అన్నాడు.

బండిలో తిరిగి వస్తుంటే నాకు మనసు ఊరుకోలేదు. కోడళ్లు మామల ముందు నోరు తెరవకూడదు. తెరిచాను.

"మామా, గిప్పుడన్న మాటనే కరీంనగర్ల కాయితం మీద రాయించుండ్రి. బండి జర అటు తిప్పితే అయిపాయె."

"రాజన్న కంటె పెద్ద రిజిస్ట్రార్ ఉన్నడా?" అన్నాడు పెద్దమామ.

"మా కోడలికి నోరు జరంత ఎక్కువ" అన్నాడు మా మామగారు.

అంతటితో ఆ సంగతి ముగిసింది. ఇల్లు చేరాక బావి దగ్గర పెద్దత్తను కూడా అడిగాను, మీరైనా ఆయనకు చెప్పరాదా అని. ఆమె బిందె ముంచుతూ నవ్వింది. "నాకేం ఫికర్ బిడ్డా. నేను ఆయన పెండ్లాన్ని గాదా" అంది.

ఆ వానాకాలంలోనే పెద్దమామ పోయాడు. దినాలు అయిన రోజు ఇంటి ముందరి సాయబాన్‌లో జంపఖానా పరిచి, పెద్దమనుషులను కూర్చోబెట్టి, మా మామగారు నెమళ్ల సందుగ తెప్పించాడు. చదవడానికి ఒక పాత ఉర్దూ సార్‌ను పిలిపించారు. ఆయన అద్దాలు తుడుచుకుని మొదలుపెట్టాడు.

తెల్ల గుర్రం భార్యకు. ఆ గుర్రం నేను కాపురానికి రాకముందే చచ్చింది. పెద్దమనుషులు నవ్వారు, గుర్రం పోనీయుండ్రి అన్నారు. తుపాకీ తమ్మునికి. ఆ తుపాకీని పోలీస్ యాక్షన్ అప్పుడే ఠాణాలో అప్పజెప్పారు. అదీ పోనీయుండ్రి అన్నారు. అడవి గుత్త హక్కు. గుత్త ఎప్పుడో వేరేవాళ్లు పాడుకున్నారు. పోనీయుండ్రి. ఇంటి హద్దు తూర్పున దొర జామతోట. అక్కడిప్పుడు బడి ఉంది, పిల్లలు ఎక్కాలు చదువుతున్న గోల మాకు వినిపిస్తోంది. తోట పోయిందిగదా, బడి అని చదువుకో సార్, అన్నారు. ఎంత తెలివిగలవాళ్లు. కాగితం పాతబడిందని ఒక్కొక్కరికీ ఎంత బాగా అర్థమైందో.

తర్వాత ఇంటి మాట వచ్చింది. ఇల్లు భార్యకు అని పేరు చదివాడు సార్. ఆమె తర్వాత తమ్ముని కొడుకుకు. నవ్వులు ఆగిపోయాయి. పోనీయుండ్రి అన్నవాడు లేడు. గుర్రాన్ని పోనిచ్చారు, తుపాకీని పోనిచ్చారు, జామతోటను పోనిచ్చారు, పోయిన భార్యను మాత్రం పేరు పెట్టి బతికించుకున్నారు.

పెద్దత్త గడప లోపలి నుంచి అడిగింది. "రాజన్నకాడ అన్న మాట మీరందరు ఇంటిరి గదా."

"ఇన్నం. ఎవడు కాదన్నడు?" అన్నాడు వేములవాడకు వచ్చిన పెద్దమనిషి. "కాని దేవుడచ్చి కచ్చీరుల సాక్షి చెప్తడానమ్మా?"

రెండోవాడు గంగిరెద్దులా తల ఊపాడు. ఏటేటా రాజన్న మాటకు తిరుగు లేదన్నవాళ్లు వీళ్లే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా ఊళ్లో పూజారి దాకా పోనక్కర్లేదు, కల్లు తాగే పెద్దమనిషి చాలు.

మా మామగారు గొంతు సవరించుకున్నాడు. "మా అన్న చేతి కాయితం. అన్న మాటను నేను కాలరాస్తనా? అండ్ల రాసింది పెండ్లి చేసుకున్నామె పేరు. ఇగ మారుమనువుకు కాయితమున్నదా, పత్రమున్నదా? అయినా మేం అంత పాపాత్ములం గాదు. కొట్టం పక్క అర్ర ఉన్నది, అండ్ల ఉండుమను. తిండికి లోటు చెయ్యం."

ఆ అర్రలో అప్పటిదాకా పత్తిగింజలు పోసేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది. అన్న చితి ఆరకముందే అన్న మీద అంత భక్తి పుట్టుకొచ్చిన తమ్ముణ్ని చూసి అసహ్యం వేసింది. మా ఆయన వైపు చూశాను. ఇల్లు ఆయనకే వస్తోంది, ఒక్క మాట అనవలసింది ఆయనే. జంపఖానా అంచు దారాలు పీకుతున్నాడు.

పెద్దత్త ఏడవలేదు. తెల్లవారి బెల్లంపల్లి నుంచి ఆమె తమ్ముణ్ని పిలిపించుకుంది. అతడు అక్కడ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. పోయేటప్పుడు ఇత్తడి బిందెలు తీసుకొమ్మని నేనంటే వద్దంది. ఇసురురాయి రెండు రాళ్లూ గోనెసంచిలో కట్టించింది. "గిది మా అవ్వ ఇచ్చింది. ఏ కాయితంల లేదు" అంది. అంత బరువు మోసుకుని తమ్ముడూ ఆమే బస్సు ఎక్కారు.

మా వాళ్లు పెద్దింట్లోకి మారారు. నేను పొయ్యి ముట్టించనన్నాను. పెద్దత్తకు ఆ ఇంట్లో చోటు ఉందని కాగితం మీద రాసేదాకా అక్కడ వంట లేదన్నాను. గోడకు ఇవతల మా పాత ఇంట్లో వండి, గిన్నెలు అటు మోసేదాన్ని. ఊరంతా నవ్వింది. మా అత్త అయితే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే" అని రోజూ దెప్పేది. కంద బెల్లంపల్లిలో పరాయి చూరు కింద ఉందని, దాని దురద మీకెట్లా తెలుస్తుందని అనేదాన్ని. నోరు జరంత ఎక్కువని మామగారు ముందే చెప్పాడు గదా.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఆ ఇంట్లో మగవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. అందరూ రేపటి మనుషులు. ఇవాళ విత్తనాలు, రేపు కోతలు, ఎల్లుండి చుట్టాలింట పెళ్లి. ఇట్లా శివరాత్రి వచ్చింది. వేములవాడ పోయి వచ్చి, నా ముందు నిలబడి, పెద్ద ఘనకార్యం చేసినట్టు చెప్పాడు.

"ఇగ నీ బాధ తీరింది. రాజన్నకాడ కోడె కట్టి చెప్పిన, పెద్దవ్వకు సగం ఇల్లని. మల్ల ఏడాది కోసం ఇంకో కోడెను గూడ సాదుతున్న."

నాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. పెద్దమామ ఆస్తితో పాటు తెలివి కూడా ఈయనకే వచ్చిందన్నమాట. అయినా ఎక్కడో చిన్న ఆశ. ఈ మాట చెబితే పెద్దత్త వస్తుందేమోనని, ఆమె తమ్ముడు మా ఊరికి వచ్చినప్పుడు అతని వెంట బయలుదేరాను. పెద్దపల్లిలో రైలెక్కాం. గోదావరి దాటాక కిటికీ చెక్క మీద బొగ్గు నుసి చేతికి అంటుకోవడం మొదలైంది.

బెల్లంపల్లిలో ఆమె తమ్మునికి ఇచ్చిన క్వార్టర్ ఒకటే గది, ముందు రేకుల పంచ. పెద్దత్త పంచలో కూర్చుని జొన్నలు విసురుతోంది. బాయిలో పనిచేసే ఒంటరి మగవాళ్లకు రొట్టెలు చేసి పెడుతోందట. కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చింది. మా ఆయన మొక్కు సంగతి చెప్పాను. విసరడం ఆపి విన్నది. తర్వాత పకపకా నవ్వింది.

"ఇంకో మాటనా బిడ్డా? రాజన్నకాడ అన్న మాటలు నా దగ్గర సంచెడున్నయి. రొట్టెన్న చేసుకుందునంటే, ఇసిరితె పిండి గూడ గావు."

నేను తలవంచుకున్నాను. ఆమె గుప్పెడు జొన్నలు రాయిలో పోసి, ఏమీ తోచనట్టు అడిగింది.

"గా ఇంటి కాయితంల నీ పేరున్నదా?"

"నా పేరెందుకత్తా? నేను ఆయన పెండ్లాన్ని గదా."

"నేను గూడ గట్లనే అన్న" అంది పెద్దత్త, మళ్లీ రాయి తిప్పుతూ.

ఆ రాత్రి రైల్లో నాకు ఆ మాట తప్ప ఇంకేమీ వినిపించలేదు. అప్పటిదాకా నా కోపమంతా ఆమె కోసమే అనుకున్నాను. పెద్దమామను, మామగారిని, పెద్దమనుషులను తిట్టుకుంటూ తిరిగాను. మా ఆయన రేపు కళ్లు మూస్తే ఇదే సాయబాన్‌లో, ఇదే జంపఖానా మీద, ఇదే పెద్దమనుషులు కూర్చుంటారు. కొట్టం పక్క అర్రలో పత్తిగింజలు పక్కకు జరిపించి నాకు దయతో చోటిస్తారు. భయం వేసింది. భయం వేసిందని నా మీద నాకే చిరాకు వేసింది.

ఇల్లు చేరిన వారం, అంగడి రోజున, కొట్టంలో రాజన్న కోసం సాదుతున్న కోడె పలుపు విప్పాను. మామగారు అడ్డం వచ్చాడు.

"అది దేవుని సొమ్ము. అమ్మితే కండ్లు పోతయి."

"పోతే నా కండ్లే పోతయి మామా. పక్కకు జరుగుండ్రి."

అంగడి దాకా నేనే తోలుకుపోయాను. కొంగు కప్పుకున్న ఆడది కోడెను అమ్మడం ఆ అంగట్లో అంతకుముందు ఎవరూ చూడలేదు, అందుకే బేరం చేయడానికి కూడా భయపడి అడిగింది ఇచ్చారు. ఆ డబ్బు మా ఆయన చేతిలో పెట్టి, కరీంనగర్ పోయి స్టాంపు కాగితాలు కొనమన్నాను. లోకం ఏమంటుందోనని ఆయన గొణిగాడు. లోకం అన్నీ పోనీయుండ్రి అంటుంది, పోవలసింది తనది కానప్పుడు, అన్నాను. దేవుని కోడెను అమ్మినదానితో ఇక వాదించి లాభం లేదనుకున్నాడో ఏమో, బస్సెక్కాడు. నేనూ పక్కనే ఎక్కాను, నడుమ దిగిపోకుండా.

ఈసారి తెలుగులో రాయించాం. పెద్దత్తకు బతికినన్నాళ్లు సగం ఇంటి మీద, బావి మీద హక్కు, దానికొక దస్తావేజు. మా ఆయన తర్వాత ఇల్లు నాకు, దానికొక వీలునామా. ఇద్దరి పేర్లూ పుట్టింటి పేర్లతో సహా. రిజిస్ట్రీ కచ్చీరులో ముద్ర వేస్తుంటే ఆ చప్పుడు నాకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. కాగితాలు పట్టుకుని నేరుగా బెల్లంపల్లి పోయాం. మా ఆయన పంచలో నిలబడి చదివాడు. పెద్దత్త రెండుసార్లు చదివించుకుంది. ముద్ర మీద వేలు పెట్టి తడిమింది. వస్తుందనుకున్నాను. సామాను కట్టడానికి గోనెసంచి కూడా వెంట తెచ్చాను.

"మంచిగ రాసిన్రు" అంది. కాగితాన్ని మడిచి నా చేతికిచ్చింది. "మీ పెద్దమామది గూడ రాసిననాడు మంచిగనే ఉండె బిడ్డా. గుర్రం గూడ ఉండె. మొదటామె గూడ ఉండె."

ఆమె లేచి పిండి కలిపి మాకు రొట్టెలు చేసి పెట్టింది. ఆమె ఇంక మా ఊరికి రాలేదు.

సగం ఇల్లు ఆమెకని ఊడ్చి ఉంచాను. పెద్దింట్లో పొయ్యి ముట్టించాను. శివరాత్రికి ఊరంతా కోడెలు తోలుకుని వేములవాడ బయలుదేరుతుంటే, మా ఇంట్లో మాత్రం నెమళ్ల సందుగ తెరుస్తాం. మా ఆయన కాగితం చదువుతాడు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏది చెల్లదు అని నేను ఒక్కొక్కటే అడుగుతాను. పండగపూట ఈ చావు మాటలేమిటని మా అత్త విసుక్కుంటూనే ఉంటుంది. మొన్నటి ఏడు మాత్రం చదవడం అయ్యాక పక్కన కూర్చుని, మెల్లగా, తన పేరు ఎక్కడన్నా ఉందా అని అడిగింది.